దీపమెదుట కూర్చుండని తీర్పులు

కొవ్వొత్తి వెలుగునందు కూర్చున్న మనిషిని తైలవర్ణములతో ఉన్నదున్నట్లు చిత్రించుట కళ కాదనియు, అది ఫొటోకు నకలనియు, ఆ నకలైనను పరాయిదనియు చెప్పు మాట నేడు చిత్రకళను గూర్చి నలుగురు కూడిన ప్రతి చోటను వినవచ్చుచున్నది. పోటీలలో తీర్పు చెప్పువారు ఈ మాట అందురు. బొమ్మలు నేర్పువారు అందురు. కుంచె పట్టనివారును, పట్టి విడిచినవారును ఒకే గొంతుకతో అందురు. మొన్నటి కార్తిక మాసమున మా కుత్బుల్లాపూరు ప్రాంతపు చిన్న పోటీ యొకదానిలో, చింతల్ నుండి వచ్చిన యువకుడొకడు, కరెంటు పోయిన రాత్రి తన తల్లి ప్రమిద వెలుగున చేటలో బియ్యమేరుచుండగా చూచి, ఆ పిమ్మట మూడు వారములు రాత్రులయందు ఆమెను అట్లే కూర్చుండబెట్టుకొని వేసిన తైలచిత్రమును, ఆమె వ్రేళ్ళ నీడలు చేటమీద విసనకర్రవలె విచ్చుకొన్న తీరును క్షణమైన కనిపెట్టకయే, "ఫొటో చూచి దించినాడు" అని ప్రక్కకు పెట్టిరి. ఆ బొమ్మకు బహుమతి రాకపోవుట నా ఫిర్యాదు కాదు. అందు దోషములు కలవు. మెడ బిగిసినది, గోడ మరీ నల్లబడినది. నేను ఖండింపబూనినది ఆ తీర్పును ఆలోచన యక్కరలేని యలవాటుగా మార్చిన సిద్ధాంతమును.

ఆ సిద్ధాంతమును దాని పక్షమువారు చెప్పుకొనునంత బలముగనే ముందు చెప్పెదను. భారతీయ చిత్రకళ రేఖాప్రధానమైనది. ఒక్క దీపమును నడుమ నిలిపి చుట్టును చీకటి కమ్మించు పద్ధతి ఇటలీ, హాలండు దేశములది. దానిని పట్టుకొని వ్రేలాడుట పరానుకరణము. ఇక, 1839లో ఫొటోగ్రాఫు లోకమునకు వెల్లడియైన నాటినుండి సాదృశ్యమను బరువు చిత్రకారుని భుజములపైనుండి దిగిపోయినది. చేతిలోని ఫోను రెప్పపాటులో చేయు పనికి నెలలు వెచ్చించుట వ్యర్థము. మూడవది, దీపకాంతి చిత్రణమొక సూత్రము: వెనుకకు నలుపు, ముఖమునకు పసుపు, అంచున కొంచెము ఎరుపు, ఈ మూడు తెలిసినవాడెవడైనను చూపరుల మనస్సును కరగించును, అంత చౌకగా కరగించునది కళ కానేరదు. కడపటిది, ఇంటింట విద్యుద్దీపములు వెలుగు కాలమున కొవ్వొత్తి బొమ్మ గతకాలముపై మోహము తప్ప వేరు కాదు. ఈ నాలుగు వాదములలో నమ్మదగిన అంశములు లేకపోలేదు. రహదారుల ప్రక్క ఫ్రేముల దుకాణములలో దుమ్ముపట్టి వ్రేలాడు దీపధారిణుల బొమ్మలను చూచి చూచి విసిగిన మనస్సు ఇట్టి సిద్ధాంతమును ఆశ్రయించుట సహజమే. కాని చెడ్డ పద్యములు విస్తారముగ పుట్టినవని ఛందస్సును నిందించు న్యాయము ఎక్కడిది?

1. పరాయిదను ఆక్షేపము

అజంతాయందు రేఖయే ప్రధానమన్నది నిజము. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది విజయనగరకాలపు చిత్రములయందు వర్ణము చదునుగా పరచియుండుటయు, చేర్యాల నకాషీల పటములలో ఎర్రని నేలమీద నిలిచిన ఆకృతులకు నీడ యన్నదే లేకుండుటయు నిజము. అయినను వీనినుండి "కాబట్టి వెలుగునీడల విద్య మనది కాదు" అను నిర్ణయము పుట్టదు. విష్ణుధర్మోత్తర పురాణమందలి చిత్రసూత్రము రేఖతోపాటు వర్తనను, అనగా ఛాయచేత ఎత్తుపల్లములను తోపింపజేయు విద్యను, చిత్రమునకు అంగముగ లెక్కించినది. దానిని పత్రజము, ఐరికము, బిందుజము అని మూడు తెరగులుగ విభజించినది. నిద్రించువానికిని మృతునికిని భేదము చూపలేనివానిని, నిమ్నోన్నతములు తెలియనివానిని చిత్రవిదునిగా ఆ గ్రంథము అంగీకరింపదు. అజంతా మొదటి గుహలోని పద్మపాణి నాసికమీద నిలిచిన వెలుగును చూచినవారెవ్వరును ఆ చిత్రకారునికి వెలుగు పట్టదని చెప్పజాలరు.

ఇచ్చట ఒక భేదమును ఒప్పుకొనుట నా ధర్మము. వర్తన వేరు, దీపము వేసిన నీడ వేరు. వర్తన రూపమునకు గుండ్రతనము నిచ్చును. ఆ వెలుగు ఏ దిక్కునుండి వచ్చినదని అడుగదు. ఒకే దీపము ఒకే చోటనుండి వెలుగును చల్లగా, ముఖముమీద సగము, గోడమీద సగము పడు నీడలను లెక్కతో పట్టుట మన ప్రాచీన గ్రంథములయందు లేదు. పదునేడవ శతాబ్దపు మొగలు చిత్రకారులు గోవర్ధనుడు, పయాగు ధునిచుట్టు కూర్చున్న సాధువులను ఆ మంట వెలుగున చూపుటకు పూనుకొన్నపుడు, జెసూయిట్ పాదిరులు తెచ్చిన ఐరోపా ముద్రణచిత్రములను వారు చూచియుండిరి. అంగీకరించితిని. కాని వచ్చిన త్రోవను చెప్పినంత మాత్రమున వచ్చినదాని విలువ తేలిపోవునా? మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసు ఓడలతో వచ్చినది. గుంటూరి కారమును పరాయి రుచియని త్రోసివేయు తెలుగువాని నొకనిని నాకు చూపుడు. వయొలిన్ ఐరోపానుండి వచ్చినది. విజయనగరమున ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది పలికిన రాగము ఏ దేశముది? రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు 27 ఏండ్లకే, 1925లో కన్నుమూసినను, బొంబాయి జె.జె. కళాశాలలో సజీవమైన మనిషిని ఎదుట నిలుపుకొని నేర్చిన విద్యను తెచ్చి గోదావరి తీరపు స్త్రీపురుషులను గీచినప్పుడు, ఆ చిత్రములను తెలుగువారివి కావని ఎవ్వరు అనిరి?

ఈ ఆక్షేపము చేయువారిలోనే ఉన్న వైరుధ్యము నన్ను మరింత నొప్పించుచున్నది. నైరూప్యచిత్రము ఐరోపా నుండి వచ్చినది. అక్రిలిక్ రంగు ఇరువదవ శతాబ్దపు పాశ్చాత్య రసాయనశాలలలో పుట్టినది. తెల్లని గోడల నడుమ ఒంటరిగ బొమ్మను వ్రేలాడదీయు ప్రదర్శనశాల కూడ మన తాతలు కట్టినది కాదు. ఈ మూటిని తలదాల్చినవారికి ప్రమిద వెలుగున బియ్యమేరు తల్లి ఒక్కతియే విదేశీయురాలుగ కనబడుట ఏమి తర్కము?

2. నకలను ఆక్షేపము

ఆ పక్షపు ప్రాణమంతయు ఈ యొక్క మాటలో కలదు గనుక ఇచ్చట కొంత తడవు నిలువవలసియున్నది.

నకలు కావలెనన్న మూలమునందలి కొలతలు నకలునందు ఇమడవలెను. తైలవర్ణములలో మిక్కిలి తెల్లనిదానిని, మిక్కిలి నల్లనిదానిని ఒకే కాన్వాసుపై ప్రక్కప్రక్కన పూసి ఒకే వెలుగులో చూచినచో, తెలుపు నలుపుకంటె సుమారు 30 రెట్లు వెలుగును తిరుగగొట్టును. వార్నిషు పూసి మెరుగుపెట్టినచో ఆ నిష్పత్తి కొంత పెరుగును. చిత్రకారుని సంపద యింతే. ఇక ఎదుటనున్న కొవ్వొత్తి మాట: దాని జ్వాలకును, దానికి అడుగు దూరమున నున్న చెక్కిలికిని గల వెలుగు భేదమే వేల రెట్లుండును. ఆ చెక్కిలి వెనుక, దీపమునకు 6 అడుగుల దూరమున నున్న గోడకు, చెక్కిలికి అందిన వెలుగులో 36వ వంతు మాత్రమే అందును. ఏలయన దూరము పెరిగినకొలది దాని వర్గము చొప్పున కాంతి తరుగును. ఆ గోడమీద పడిన నీడలో వ్రేలాడు తల్లి పాత చీర మడతలు కూడ మన కన్నుకు కనబడుచునే యుండును. ఈ వేలను ఆ ముప్పదిలో ఎవడు దించగలడు? దించలేడు. దించలేనిదానిని దించినాడని నిందించుట నింద కూడ కాదు, తెలియమి.

మరి చిత్రకారుడు చేయునదేమి? తరతమభావమును నిలుపును. సన్నని గొంతుకగల గాయకుడు పాటను తన శ్రుతికి దించుకొన్నను స్వరముల మధ్యనున్న సంబంధము చెడనట్లు, జ్వాలకంటె నుదురు తక్కువ, నుదురుకంటె చెక్కిలి తక్కువ, చెక్కిలికంటె చేయి, చేతికంటె గోడ అను క్రమమును చెడనీయక తన చిన్న హద్దులోనికి తెచ్చుకొనును. నిజమునకు అతని పని గాయకుని పనికంటె కఠినము; మూడు స్థాయిలలో సంచరించు రాగమును ఒక్క స్థాయిలో వినిపింపవలసినవాడతడు. ఏ మెట్టును విడువవలెను, ఏ రెండు మెట్లను కలుపవలెను అను ప్రశ్నకు ప్రకృతి బదులు చెప్పదు. ఆ బదులు చిత్రకారుని బుద్ధినుండియే రావలెను. అచ్చట కళ లేదనువారు కళను మరెచ్చట వెదకుదురో నేనెరుగను.

ఈ కష్టమును ఎరిగినవారు గనుకనే పూర్వపు మహాశిల్పులు జ్వాలను దాచిరి. హాలండు దేశీయుడు హోన్‌ట్‌హోర్స్ట్ రాత్రి దృశ్యములకే ప్రసిద్ధుడై ఇటలీలో "రాత్రుల గెరార్డు" అని పిలువబడినవాడు. అతడు తరచుగ ఒక భుజమునో, ఒక చేతినో దీపమునకు అడ్డముగ నిలుపును. ఇంగ్లండులో డెర్బీ వాసి జోసెఫ్ రైట్ 1768లో, గాలి తీసివేసిన గాజుబుడ్డిలో పక్షి కొట్టుకొనుచుండగా చుట్టు చేరిన కుటుంబమును చిత్రించినపుడు, దీపమును బల్లమీది గాజుపాత్ర వెనుక దాచినాడు. జ్వాల కనబడదు గనుక దానితో పోల్చి ముఖముల తెల్లదనమును తక్కువ చేయు అవసరము తప్పినది. ఆ బాలికల ముఖములే చిత్రమునందు దీపములైనవి. ఈ ఉపాయము ఏ యంత్రమును చెప్పినది కాదు.

యంత్రము మాట వచ్చినది గనుక ఫోనునే పరీక్షింతము. చీకటి గదిలో కొవ్వొత్తి యెదుట కూర్చున్న మనిషిని ఫోనుతో తీసి చూడుడు. ముఖమునకు సరిపడునట్లు వెలుగును సవరించినచో జ్వాల తెల్లని చిల్లుగ మారును, వత్తి చుట్టు నుండు నల్లని గర్భమును, అడుగుననుండు నీలిమయు పోవును. జ్వాలకు సరిపరచినచో ముఖము చీకటిలో మునుగును. రెంటిని కాపాడుటకై ఫోను ఇటీవల తానే కొన్ని చిత్రములను వరుసగ తీసి, వానిని అతికి, నీడలను పైకెత్తి, పసుపును తగ్గించి మన చేతికిచ్చుచున్నది. అనగా తీర్పు చెప్పుట అచ్చటను తప్పలేదు. ఆ తీర్పు మనది కాదు, ఆ ఫోనును కట్టినవారిది. తల్లి యెదుట మూడు వారములు కూర్చున్న కుఱ్ఱవాని తీర్పును నకలని, ఎన్నడును ఆమెను చూడని యంత్రపు తీర్పును మూలమని పిలుచుట తలక్రిందుల వాదము.

ఇంకొక నిదర్శనము. పారిస్ లూవ్రు ప్రదర్శనశాలలో లోరేన్ ప్రాంతపు చిత్రకారుడు జార్జ్ ద లా తూర్ (1593–1652) వేసిన వడ్రంగి జోసెఫు చిత్రము కలదు. ముసలి వడ్రంగి వంగి కొయ్యకు బరమా త్రిప్పుచుండగా, బాలుడు కొవ్వొత్తి పట్టి జ్వాలకు చేయి అడ్డముపెట్టును. ఆ చేతి వ్రేళ్ళగుండ వెలుగు చొచ్చి ఎర్రగా వెలువడుచుండును. ఈ ఎరుపు బయటినుండి పడిన రంగు కాదు. లోపలి నెత్తురు నీల హరిత కిరణములను మ్రింగి ఎర్రనివానిని మాత్రమే విడుచుటచేత కలిగినది. లా తూర్ ఈ శాస్త్రమును ఎరిగియుండలేదు, వ్రేళ్ళను చూచినాడు. మూడు శతాబ్దముల పిమ్మట, 1945–46 ప్రాంతమున, సావంతవాడినుండి వచ్చిన సావ్లారాం హల్దన్‌కర్ తన కుమార్తె గీతను దీపముతో నిలువబెట్టుకొని వేసిన చిత్రమునందును, అడ్డము పెట్టిన అరచేతి వ్రేళ్ళ నడుమ అదే వెచ్చదనము కలదు. ఒకరిని చూచి ఒకరు దించలేదు. ఇద్దరును మనిషిని చూచిరి.

ఆ హల్దన్‌కర్ చిత్రము నేడు మైసూరు జగన్మోహన ప్రాసాదమునందున్నది. దాని ముద్రణలు మన తెలుగిండ్లలో కేలండర్లుగ, పటములుగ వ్రేలాడని వీధి యరుదు. దానిని రాజా రవివర్మ వేసిన తైలచిత్రమని చెప్పువారే ఎక్కువ. రవివర్మ 1906లోనే దివంగతుడు. ఆ చిత్రము తైలము కాదు, కాగితముమీది నీటిరంగు. దీపకాంతి బొమ్మలన్నియు ఒకే మూసలోనివని తీర్పు చెప్పువారు, వానిలోకెల్ల ప్రసిద్ధమైనదానిని ఎవరు, ఏ కాలమున, దేనితో వేసిరో కూడ కనిపెట్టకపోయిరన్న సంగతి వారి చూపు ఎంత నిలకడగలదో చెప్పుచున్నది.

3. సూత్రమను ఆక్షేపము

నలుపు, పసుపు, ఎరుపు అను మూడింటితో దీపకాంతి పుట్టునని నమ్మువారు మన ఆడవారిని అడిగి తెలిసికొనవలెను. బట్టల దుకాణములో చీర నచ్చిన యిల్లాలు దానిని గుమ్మముదాక తెచ్చి పగటి వెలుగున పరచి చూచుకొనును. దీపము రంగును మార్చునని ఆమెకు ఎవరును పాఠము చెప్పలేదు. కొవ్వొత్తి కాంతి వర్ణోష్ణత సుమారు 1900 కెల్విన్లు. మధ్యాహ్నపు ఎండది 5500 ప్రాంతమున నుండును. కొవ్వొత్తిలో నీలకిరణము లేనంత తక్కువ. అందుచేత నీలపు చీర ఆ వెలుగున నల్లబడును. తెల్లని పంచెకును పసుపు పూసిన పంచెకును భేదము తెలియరాదు. ఎర్రని రవిక మాత్రము పగటికంటె ఎక్కువ మెరయును. ఇంకను లోతైన నీడలోనికి పోయినచో కన్ను రంగునే మరచును. అచ్చట ఎరుపు ముందుగ నల్లబడి, నీలము కొంతసేపు బూడిదవలె నిలుచును. పంతొమ్మిదవ శతాబ్దమున పుర్కిన్యే యను చెక్ శాస్త్రవేత్త దీనిని గుర్తించెను. ఈ విధముగ ఒకే గదిలో, ఒకే దీపము కింద, ఒక్కొక్క రంగు ఒక్కొక్క రీతిని ప్రవర్తించుచుండగా, ముఖమునకు పసుపు పూయుమను సూత్రము ఏమి చేయును? సూత్రమును నమ్మినవాని బొమ్మలో మనుష్యులు కామెర్లు వచ్చినవారివలె నుందురు. ఆ బొమ్మలు చూచి విసిగినవారి విసుగు న్యాయమే. కాని వారు విసిగినది దీపకాంతి చిత్రణమువలన కాదు, దీపమును చూడని చిత్రణమువలన.

నలుపు సంగతి యింకను విచిత్రమైనది. లాంప్ బ్లాక్ అను వర్ణము దీపపు మసియే. మన అమ్మలు ఆముదపు దీపముపై పళ్ళెము బోర్లించి పట్టు కాటుకకు అది తోబుట్టువు. చిత్రించుచున్న దీపమే చిత్రించుటకు కావలసిన నలుపును ఇచ్చుచున్నదని తలచినపుడెల్ల నాకు పులకరము కలుగును. అయినను ఆ నలుపు నూనెను విపరీతముగ పీల్చి, మిక్కిలి మెల్లగా ఆరును. అంబరు మన్నుతో చేసిన గోధుమవర్ణము తనయందలి మాంగనీసు చేత త్వరగా ఆరును. నేపథ్యమంతయు నలుపును మందముగ మెత్తి, అది ఆరకముందే దానిపై అంబరు పూసినవాని కాన్వాసు కొన్ని ఏండ్లలో బీటలు వారును. సూత్రమును నమ్మినవాని ఫలమిది. విద్య తెలిసినవాడు నలుపును వీలైనంత దూరముగ నుంచును. అంబరును, అల్ట్రామెరీన్ నీలమును టర్పెంటైనుతో పలుచన చేసి, కాన్వాసు నేత కనబడునంత సన్నని పొరగ నీడలను పరచును. పై పొరలకు అవిసెనూనె పాలు క్రమముగ పెంచును. దట్టమైన రంగును వెలుగు తగిలిన చోట మాత్రమే, నుదుటిమీద, ముక్కుమీద, చేట అంచుమీద, కుంచెనిండ పట్టి వదలును. నీడ పలుచన, వెలుగు దట్టము. ఇది చెప్పినంత సులభముగ చేతికి వచ్చునది కాదు. నాకు రెండేండ్లు పట్టినది.

ఇక కూర్చుండబెట్టు విధానము. కొవ్వొత్తి గంటకు సుమారు అంగుళము చొప్పున తరుగును. జ్వాల దిగినకొలది గోడమీది నీడ పైకి ప్రాకును, గడ్డము క్రింది వెలుగు జరుగును, రెండు గంటలలో ముఖము వేరు ముఖమగును. కొవ్వొత్తి క్రింద చెక్కముక్కలు పెట్టుచు ఎత్తు కాపాడవలెను. మన ప్రమిదలో ఈ బాధ లేదు. నూనె పోయుచున్నంత సేపు జ్వాల తన చోటనే నిలుచును. ఫ్యాను ఆపవలెను, మేడ్చల్ వైపునుండి గాలి రాని మే నెలలో, ఫ్యాను ఆపిన గదిలో, కదలక కూర్చున్న తల్లి సహనమును ఏ విమర్శకుడును లెక్కలో వేయడు. అన్నింటికంటె కష్టమైనది మరొకటి: మనిషి దీపము వెలుగున నుండవలెను, కాన్వాసు ఆ వెలుగున నుండరాదు. దీపము వెలుగున రంగు కలిపినవాడు రాత్రి తెలుపనుకొని పూసినది తెల్లవారి చూచుసరికి పసుపై యుండును. కాబట్టి మనిషిని లోపలి గదిలోను, కాన్వాసును గుమ్మమునకు ఈవల, ముసుగు వేసిన చిన్న తెల్లదీపము క్రిందను ఉంచి, చిత్రకారుడు చూచి, కన్ను మూసికొని, నాలుగడుగులు వచ్చి, జ్ఞాపకముతో ఒక్క పూత పూసి, మరల పోవుచుండవలెను. ఆ నాలుగు అడుగులలో అనవసరమైనదంతయు రాలిపోవును; మిగిలినదే చిత్రమునకు చేరును. ఇదియా నకలు?

4. కాలము చెల్లినదను ఆక్షేపము

దీనికి దీర్ఘమైన సమాధానమక్కరలేదు. 2012లో విద్యుత్తు కొరతచేత పరిశ్రమలకు పవర్ హాలిడేలు విధించినపుడు జీడిమెట్ల పారిశ్రామికవాడ చుట్టు అద్దె గదులలో కాపురముండిన కుటుంబములు ఎన్ని రాత్రులు కొవ్వొత్తి పెట్టుకొని అన్నములు తినిరో ఎరిగినవారు ఇంకను ఇచ్చటనే కలరు. ఆ వెలుగులో లెక్కలు చేసికొన్న పిల్లలు నేడు ఉద్యోగములు చేయుచున్నారు. వారికిది గతకాలపు మోహము కాదు, బాల్యము. కార్తిక దీపము, దర్గా చిరాగు, చర్చిలోని కొవ్వొత్తి ఇంకను ఆరలేదు.

మోహమని ఒప్పుకొన్నను వాదము నిలువదు. షాపూర్‌నగరునుండి సుచిత్రకు పోవు రాత్రి బస్సులో వెనుక వరుసన కూర్చున్న యువతి ముఖమును ఆమె ఫోను తెర వెలిగించుచుండును. ఒక్క చిన్న వెలుగు, ముఖమునకు జానెడు దూరము, గడ్డము క్రిందినుండి పైకి, వెనుక చీకటి. రంగు నీలము, దీపమునకు విరుద్ధము. లెక్క మాత్రము అదే. ఈ కాలపు ఏకాంతమును చిత్రింపదలచినవాడు ఈ ముఖమును చిత్రింపవలెను. ఈ ముఖమును చిత్రింపదలచినవాడు ప్రమిద యొద్ద కూర్చుండి నేర్చిన విద్యతోనే రావలెను. పాతదని దీపమును త్రోసివేసినవారు క్రొత్తదానిని వేయు చేతిని కూడ విరుచుచున్నారు.

ఈ సిద్ధాంతము చేయుచున్న కీడు ఎవరి మీద పడుచున్నదో చెప్పక ముగింపజాలను. గొప్ప నగరములలో, గొప్ప కళాశాలలలో చదివినవారికి దీనివలన నష్టము లేదు; వారికి వేరు త్రోవలు కలవు. ఈ శివారు ప్రాంతములలో, సినిమా హోర్డింగులు, దుకాణముల బోర్డులు వ్రాసి బ్రతికిన తండ్రుల చేతిపనిని ఫ్లెక్సీ మింగిన పిమ్మట, ఆ తండ్రుల కుంచెలను పట్టుకొన్న బిడ్డలకు ఎదుటనున్న మనిషిని చూచి వేయుట ఒక్కటే మిగిలిన పాఠశాల. వారికి మోడలు తల్లియే, స్టూడియో వంటగదియే, దీపము కరెంటు పోయిన రాత్రియే. ఈ బిడ్డలతో "చూచి వేయుట నకలు" అని చెప్పినచో వారు చూచుట మానుదురు. చూచుట మానిన పిమ్మట నిజముగనే ఫోనులోని బొమ్మను దించుదురు. నకలును నిందించు సిద్ధాంతము నకలునే పెంచుచున్నది; ఇది నేను ఊహించి చెప్పుచున్నది కాదు, నా యొద్దకు వచ్చు విద్యార్థుల చిత్రపుస్తకములలో ఏటేట చూచుచున్నది. ముఖముమీద వెలుగు ఎడమనుండి, చేతిమీద కుడినుండి పడిన బొమ్మలు తెచ్చి, రెండు ఫొటోలు కలిపినామని వారు చెప్పుదురు. ఆ తప్పు వారి కంటికి కనబడదు. కనబడకుండ చేసినది ఎవరు?

తీర్పు చెప్పు పెద్దలకు నా విన్నపమొక్కటే. రేఖను ప్రేమింపుడు, నైరూప్యమును మెచ్చుకొనుడు, దీపకాంతి చిత్రములలో చెడ్డవానిని చెడ్డవనుడు. కాని ఒక తైలచిత్రమును నకలనుటకు ముందు, నీడ ఎచ్చటనుండి ఎచ్చటికి పోయినది, ఏ రంగు నల్లబడినది, ఏది మిగిలినదని చూచుటకు పది నిముషములు దానియెదుట నిలువుడు. చేతనైనచో ఒక రాత్రి ఇంటిలో విద్యుద్దీపము లార్పి, ఒక ప్రమిద వెలిగించి, మీవారిని ఒకరిని దానియెదుట కూర్చుండబెట్టి చూడుడు.

షాపూర్‌నగరులోని నా గది ఈ కార్తికము పొడుగున ప్రతి శనివారము రాత్రి 7 గంటలనుండి తెరచియుండును. దీపము, మోడలు, కాన్వాసు సిద్ధముగ నుండును. నా వాదమును ఖండింపదలచినవారును రావచ్చును. ఫోనును మాత్రము గుమ్మము వెలుపల ఉంచి రావలెను.